వంటగట్టు ఎత్తు

పద్ధెనిమిదేళ్ళుగా నేను జనం వంటగదులు విప్పి మళ్ళీ కడుతున్నాను. పాత అల్మారాని గోడ నుంచి ఊడదీస్తే వెనక ఏముంటుందో ఆ ఇంటి ఇల్లాలి కంటే నాకే బాగా తెలుసు. వేలు మందాన పేరుకున్న జిడ్డు. అందులో అతుక్కుపోయిన బొద్దింకల గుడ్లు, ఎలుకల పెంట, ఎప్పుడో జారిపడి నల్లగా ఎండిపోయిన కూరముక్క. సింకు కింది చెక్క ఉబ్బి, పుచ్చి, నొక్కితే నానిన రొట్టెలా లోపలికి దిగిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి వారం దాకా అన్నం సయించదు. నేను మాత్రం అక్కడే ఓ మూల చతికిలబడి అన్నం డబ్బా మూత తీసేవాణ్ణి. "మీకసలు ముక్కుందా, మొహానికి అందంగా ఉంటుందని పెట్టించుకున్నారా?" అనేది మా ఆవిడ.

నాకు కడుపులో తిప్పింది ఒకే ఒక్క ఎండాకాలం. అదీ మురికిని చూసి కాదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, మన ఇంట్లో వంటగది మార్పించాలి. వచ్చి కొలతలు తీసుకో." అంతే. అన్నయ్య ఎప్పుడూ అంతే మాట్లాడతాడు. నాన్న పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. వడ్రంగం పనిలో చేర్చింది అన్నయ్యే, పెళ్ళి చేసింది అన్నయ్యే. ఆయన చెప్పడం, నేను తలూపడం. దానికి మా ఇంట్లో గౌరవం అని పేరు.

వదిన మెట్ల మీంచి పడి అప్పటికి ఎనిమిది నెలలైంది. నడుము కింద చచ్చుబడిపోయింది. కాళ్ళు ఇక రావని డాక్టర్లు తేల్చేశారు. చేతులకి మాత్రం ఏ లోటూ లేదు. ఆ వీధిలో సగంమంది ఒంటిమీది బట్టలు ఆ చేతులు కుట్టినవే. నేను వెళ్ళేసరికి చక్రాల కుర్చీలో వంటగది గుమ్మం దగ్గర ఉంది. మెడలో టేపు. గడప అడ్డం కాబట్టి కుర్చీ లోపలికి వెళ్ళదు. పొద్దున్నే ఒకావిడ వచ్చి వండి మూతలు పెట్టి పోతుంది. తన వంటగదిని వదిన ఎనిమిది నెలలుగా బయటి నుంచే చూస్తోంది.

"రా చిన్నోడా. టేపు తెచ్చుకున్నావా, నాది ఇమ్మంటావా?"

"నీ టేపుతో తీస్తే వంటగదికి జేబులు కుట్టాల్సి వస్తుంది వదినా."

నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు ఆలోచించిన మనిషి ఎలా చెబుతుందో అలా.

"ముందు ఈ గడప తీసెయ్. గట్టు కింద ఖాళీ ఉండాలి, నా మోకాళ్ళు లోపలికి పోవాలి. పైన అరలు వద్దు. చూసి ఏడవడానికా? అన్నీ కిందే, సొరుగులే పెట్టు. ఉప్పు డబ్బా కోసం ఒకళ్ళని పిలిచే బతుకు నాకొద్దు."

కుర్చీ కొలిచాను, మోకాళ్ళ ఎత్తు కొలిచాను. ముప్పై అంగుళాలకి గట్టు పెడితే సరిపోతుందని లెక్క తేలింది.

"నిలబడేవాళ్ళకైతే ఎలా లెక్కేస్తావు?" కొలతల మాటొస్తే వదినకి ఆసక్తి.

"మోచేతికి నాలుగంగుళాలు కింద."

"అంతేనా! ఇంత తేలికని తెలిస్తే నేనూ ఈ పనే చేసేదాన్ని."

అన్నయ్య వెనక నిలబడి అన్నిటికీ తలాడిస్తున్నాడు. "ఆమె చెప్పినట్టే రాసుకోరా. ఒక్కటి కూడా వదలకు," అన్నాడు. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది.

గేటు దాకా నాతో వచ్చాడు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టి గొంతు తగ్గించాడు.

"రాసుకున్నావుగా. అది ఆమెకి చూపించడానికి. నువ్వు పెట్టేది వేరే."

"వేరే అంటే?"

"మామూలుగా అందరిళ్ళలో ఉండేదే. పైన అల్మారా పెట్టెలు, కింద పెట్టెలు. గట్టు ముప్పై ఏడు అంగుళాలు."

"ముప్పై ఏడా? అన్నయ్యా, అది నీకే ఎత్తు. ఎవరు వండుతారు దాని మీద?"

"చెప్పింది చెయ్. ఆమెని వానలు పడేలోపు మంచి చోటు చూసి చేర్పిస్తాను. నర్సులుంటారు, డాక్టర్లుంటారు. ఇప్పుడే చెబితే ఏడుస్తుంది. అందుకని రెండు డ్రాయింగులు గియ్యి. పని బయటివాడికిస్తే ఎక్కడో నోరు జారతాడు. నువ్వు నా తమ్ముడివి."

నేను తలూపాను. అన్నయ్యకి మనసు రాక అలా చేస్తున్నాడు, పాపం ఎంత బరువు మోస్తున్నాడో అని కూడా అనుకున్నాను. నమ్మదలుచుకున్నవాడికి సాక్ష్యాలతో పనేముంది?

రెండు డ్రాయింగులు గీశాను. వదినది ఆమెకి చూపిస్తే బట్ట మీద గీతలు పెట్టే సుద్దతో దిద్దింది. "కత్తుల సొరుగు ఎడమవైపు మార్చు. పొయ్యికీ సింకుకీ మధ్య నా రెండు చేతులు చాచినంత జాగా కావాలి." ఇంటికొచ్చి మళ్ళీ గీశాను. మళ్ళీ దిద్దింది. అలా మూడుసార్లు. ఒకరోజు నా చేత రెండు స్టూళ్ళ మీద పలక పెట్టించి, సరిగ్గా ముప్పై అంగుళాలకి ఎత్తించి, ఉల్లిపాయలు తెప్పించుకుంది. నాలుగు ఉల్లిపాయలు టకటకా తరిగి నా వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు. "ఉల్లిపాయలే లే," అంది. ఆ డ్రాయింగుకి పట్టినంత శ్రద్ధ నేను ఇంకే డ్రాయింగుకీ పట్టలేదు. పెట్టని వంటగదికి అంత శ్రద్ధ.

పదిరోజుల తర్వాత అన్నయ్య నన్ను రాళ్ళ గోడౌన్‌కి రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆయన పక్కన ఒకావిడ ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మనిషి బాగా పొడుగు. అన్నయ్య నెత్తి ఆవిడ చెవి దాకా వస్తుంది. నిలబెట్టిన పలకల మధ్య నడుస్తూ ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించి చూస్తోంది. చివరికి లేత బూడిదరంగు రాయి దగ్గర ఆగింది.

"ఇది బాగుంది. మరకలు పడితే కనిపిస్తాయాండీ?" అని నన్నడిగింది.

నేను జవాబు చెప్పేలోపే అన్నయ్య, "మోచెయ్యి కొలువు ఒకసారి. ముప్పై ఏడు సరిపోతుందో లేదో," అన్నాడు.

టేపు తీశాను. నా చెయ్యి తీసింది, నేను కాదు. ఆవిడ చెయ్యి మడిచి బుద్ధిగా నిలబడింది. నలభై ఒకటి. నాలుగు తీసేస్తే ముప్పై ఏడు.

అన్నయ్య గోడౌన్ యజమానితో మాట్లాడ్డానికి లోపలికెళ్ళాడు. ఆవిడ కొంచెం దగ్గరికొచ్చి, నేలకేసి చూస్తూ మాట్లాడింది.

"మీ వదినగారు పోయి ఆరు నెలలే కదా, అప్పుడే ఈవిడెవరు అని మీకు అనిపించొచ్చు. నేను తొందరపెట్టలేదండీ. ఏడాది ఆగుదామనే అన్నాను. మీ అన్నయ్యగారే ఇల్లు బావురుమంటోందన్నారు. ఆ పాత వంటగదిలో మాత్రం నేను వండలేనన్నాను. ఆవిడ తిరిగిన చోటు కదా, నాకు మనసొప్పదు."

రాయి కోసే యంత్రం ఎక్కడో కీచుమంటోంది. "మా వదిన బతికే ఉందండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను టేపు చుట్టుకున్నాను. "ఈ రాయికి మరకలు పట్టవండీ," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బండి నడుపుతూ అడిగాను. "వదిన పోయిందని చెప్పావా అన్నయ్యా?"

వెనక నుంచి మామూలు గొంతుతో అన్నాడు: "మాటవరసకి అన్నాన్రా. ఆ బతుకూ ఒక బతుకేనా? నువ్వే చెప్పు."

బండి పక్కకి ఆపి రోడ్డువారన కక్కాను. పొద్దున తిన్నదంతా వచ్చింది, తర్వాత పసరు వచ్చింది. అన్నయ్య నా వీపు నిమిరాడు. "ఎండదెబ్బ. టోపీ పెట్టుకోమంటే వినవు," అంటూ ఎదుటి కొట్లోంచి చల్లటి సోడా తెచ్చిచ్చాడు. దాన్ని నేను తాగాను. ఇప్పటికీ ఆ ఎండాకాలంలో నన్ను అన్నిటికంటే రోత పుట్టించేది ఆ సోడాయే. గటగటా తాగాను.

రెండు వారాల్లో పెట్టెలు తయారయ్యాయి. ముప్పై ఏడుకి. అన్నయ్య ఆఫీసు పని మీద అయిదు రోజులు వేరే ఊరు వెళుతూ, "నేనొచ్చేసరికి అయిపోవాలి. ఆమె ఏమైనా అడిగితే ఇంకా సగమే అయిందను," అని చెప్పి వెళ్ళాడు.

మొదటిరోజు పాతది ఊడదీశాం. అన్ని ఇళ్ళలో ఉండేదే అక్కడా ఉంది, ఇంకాస్త ఎక్కువే. తొమ్మిది నెలలుగా ఇల్లాలు అడుగుపెట్టని వంటగది. సింకు వెనక బూజుపట్టిన గోడ చేత్తో తడిమితే జారింది. పొయ్యి వెనక చచ్చిన ఎలుక ఒకటి తోలులా ఎండి ఉంది. పనివాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. వదిన గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూసింది. "నా వంటగదేనా ఇది! ఛీ," అంది. "కడగండి, బాగా కడగండి."

మధ్యాహ్నం పనివాళ్ళు భోజనానికి వెళ్ళాక నేను నీళ్ళు నింపిన సన్నటి గొట్టంతో లెవెల్ చూసి గోడ చుట్టూ పెన్సిల్ గీత లాగాను. లాగడం అయ్యాక వెనక నుంచి వదిన పిలిచింది.

"చిన్నోడా, ఆ గీత ఎవరికి?"

"గీతా? అది ఊరికే, లెవెల్ కోసం."

"అక్కడ గట్టొస్తే నా భుజాల దాకా ఉంటుంది. పళ్ళెంలోకి తొంగిచూసే చిన్నపిల్లలా ఉంటాను." ఆగింది. "ముప్పై ఏడు కదూ అది?"

నేను పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాను.

"ఇరవై ఏళ్ళు కొలతలు రాసినదాన్ని. ముప్పై ఏడంటే మోచెయ్యి నలభై ఒకటి. మోచెయ్యి నలభై ఒకటంటే మనిషి అయిదడుగుల ఎనిమిదంగుళాలు. మీ అన్నయ్య అంత లేడు. నువ్వూ లేవు. పైగా మీ ఇద్దరూ పుట్టి బుద్ధెరిగాక గరిట పట్టిన పాపాన పోలేదు." గొంతు పెంచలేదు. "ఎవరు?"

చెప్పాను. గేటు దగ్గర మాట, రెండో డ్రాయింగు, రాళ్ళ గోడౌన్, చేర్పించబోయే చోటు. ఒక్కటి మింగేద్దామనుకున్నాను. వదిన చూపు చూసి అదీ కక్కేశాను.

"పోయానని చెప్పాడా?"

"ఊఁ."

"ఎప్పుడు పోయానట?"

"ఆరు నెలలైందట."

"ఏం జబ్బుతో?"

"అడగలేదు వదినా."

"అడగాల్సింది. తెలిస్తే కాస్త జాగ్రత్తగా ఉండేదాన్ని."

నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో తెగిపోయింది. మెడలోని టేపు తీసి వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. బయట కొళాయి కింద బకెట్ నిండి పొర్లుతోంది. ఇద్దరిలో ఎవరమూ వెళ్ళి కొళాయి కట్టెయ్యలేదు.

"ఆ గీత చెరిపెయ్," అంది చివరికి. "ముప్పై దగ్గర గియ్యి."

"అన్నయ్య వస్తే..."

"వస్తే రానీ. ఇల్లు ఎవరిదో ఆయనకి గుర్తుందో లేదో గానీ, నాకు గుర్తుంది. మా నాన్న నా పేరున రాసిన ఇల్లు. నువ్వు పెడతావా, ఇంకో మేస్త్రిని పిలుచుకోనా?"

గీత చెరిపేశాను.

తయారైన కింది పెట్టెలన్నీ నా పని షెడ్డుకి వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రంపం కింద పెట్టాను. ఏడేసి అంగుళాలు కోశాను. గట్టు కింద వదిన కూర్చునేచోట పెట్టెలే లేకుండా చేశాను. పై పెట్టెలు షెడ్డులోనే వదిలేశాను. గడప పగలగొట్టి నేల సమం చేశాం. పనివాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. "కొలత తప్పిందా మేస్త్రీ?" అన్నారు. "ఊఁ, నాదే తప్పు," అన్నాను. మూడోరోజు రాయి దింపాం. పొడుగావిడ ఎంచుకున్న బూడిదరంగు రాయే. వేరే రాయి తెచ్చే వ్యవధి లేదు.

నాలుగోరోజు పొద్దున వదిన ప్రతి సొరుగూ తీసి మూసి చూసింది. తర్వాత అడిగింది: "ఆవిడ నంబరుందా నీ దగ్గర?"

"ఉంది. రాయి సంగతి మాట్లాడ్డానికిచ్చింది."

"వంటగది అయిపోయింది, వచ్చి చూసుకోమను."

"గొడవెందుకు వదినా?"

"గొడవ ఎవరు చేస్తారు? పాపం, చచ్చినదాని ఇంట్లోకి వస్తున్నాననుకుంటోంది. ఆ పిల్లకి మాత్రం నిజం తెలియొద్దూ?"

పదకొండింటికి వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుందట, మధ్యలో ఒక గంట అడిగి వచ్చానంది. చేతిలో సంచి, అందులో ఆరు కొత్త గాజుసీసాలు. ఉప్పూ పప్పూ పోసుకోడానికి. నా వెనకే నవ్వుతూ లోపలికొచ్చి, వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయింది. వదిన గట్టు కిందికి మోకాళ్ళు జరుపుకుని వంకాయలు తరుగుతోంది.

"ఎవరండీ మీరు?" అంది ఆవిడ.

"పోయిందన్నారు చూడు, ఆవిణ్ణి నేనే," అంది వదిన. "రా అమ్మా. నీళ్ళు తాగుతావా?"

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుని నేను ఎదుర్కోలేదు. సంచి కిందపెట్టి గట్టు పట్టుకుంది. అంత పొడుగు మనిషికి గట్టు తొడల దగ్గరికి వచ్చింది. వంగి నిలబడాల్సొచ్చింది.

"నాకు తెలియదండీ. నా మీద ఒట్టు, నాకు తెలియదు."

"తెలుసమ్మా. తెలిస్తే ఇవి కొనుక్కొస్తావా?"

గ్లాసు నీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి నాతో అంది: "మీరు ఆ రోజు రాయి గురించే చెప్పారు." కోపంగా కూడా అనలేదు. సీసాల సంచి మర్చిపోతే వదిన నన్ను వెనకాలే పంపించింది. వీధి చివర దాకా పరిగెత్తి ఇచ్చాను. తీసుకుని మలుపు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య దిగాడు. చేతిపెట్టె హాల్లో పెట్టి నేరుగా వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను సింకు కింద గొట్టం బిగిస్తున్నాను. ఆయన బూట్లు కనిపించాయి. కదల్లేదు. అరుస్తాడు, చెయ్యి చేసుకుంటాడు, కనీసం సిగ్గుతో గోడకి తిరుగుతాడు అనుకున్నాను. ఏదో ఒకటి జరగాలని కోరుకున్నాను.

"వచ్చారా?" అంది వదిన వెనక్కి తిరక్కుండానే. "మీ పొడుగావిడ నిన్న వచ్చి చూసుకుని వెళ్ళింది. చేతులు కడుక్కుని రండి, అన్నం పెడతాను."

అన్నయ్య గోడ వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు. చూపుడువేలితో రాయి అంచు తడిమాడు. తర్వాత బేసిన్ దగ్గరికెళ్ళి సబ్బు రుద్దుకుని, మోచేతుల దాకా చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి కూర్చున్నాడు.

తిన్నాడు.

మొదటి ముద్ద దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. వంకాయకూర కలుపుకుని, వేళ్ళు నాకుతూ, చప్పుడు చేస్తూ నమిలాడు. నుదుటి మీద చెమట పట్టింది. మూతి మీద నూనె మెరిసింది. "ఇంకాస్త కూర వెయ్యి," అన్నాడు. వదిన వేసింది. "ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ వండే మనిషికి ఇన్నాళ్ళూ ఉప్పు తెలిసేది కాదు," అన్నాడు. ఆ పళ్ళెంలోంచి తలెత్తి నాతో, "సొరుగులు సాఫీగా నడుస్తున్నాయిరా. బాగా చేశావు," అన్నాడు.

పద్ధెనిమిదేళ్ళలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు. స్పానర్ అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. గోడవారన పాత అల్మారా ముక్కలు పడున్నాయి. జిడ్డు ఎండకి కరిగి కారుతోంది. చీమలు, ఈగలు. వాటి పక్కన చాలాసేపు కూర్చున్నాను. లోపల కంటే అక్కడే హాయిగా ఉంది.

వానలు పడ్డాయి. వదినని ఎక్కడా చేర్పించలేదు. ఆ మాటే మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వండే మనిషిని వదిన మాన్పించేసింది. గట్టు చివర మిషన్ పెట్టించుకుని, దానికి చేత్తో తిప్పే చక్రం బిగించుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. అన్నయ్య ఆఫీసుకి వెళుతున్నాడు, వస్తున్నాడు, తింటున్నాడు. వీధిలో నలుగురూ, "పెళ్ళాం కోసం వంటగదే మార్పించాడు, మగాడంటే అలా ఉండాలి," అంటున్నారు. ఆయన కాదనడం లేదు. ఆయన ఉన్నప్పుడు ఆ ఇంట్లో నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. లేని వేళ చూసుకుని వెళతాను.

ఒకరోజు ముసురు పట్టి ఉంది. వదిన చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. చాన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు ఆయనకి అన్నం ఎందుకు పెట్టావు వదినా?"

తలెత్తలేదు. "రాళ్ళ గోడౌన్లో నువ్వెందుకు నోరు విప్పలేదు?"

వాన చూరు మీంచి కారుతోంది.

"భయమేసిందా?"

"భయం కాదు వదినా."

"మరి?"

"అలవాటు."

చిక్కుడుకాయని మధ్యకి తుంచింది. లోపల పురుగుంది. కాయని చెత్తబుట్టలో పడేసి ఇంకోటి తీసుకుంది.

"నాదీ అదే రోగం," అంది. "మాన్చుకుంటున్నాను, మెల్లగా. రాత్రిళ్ళు మానేశాను. ఆయన రాత్రి తిండి ఆయనే తెచ్చుకుంటున్నాడు." కుర్చీ జరుపుకుని నాకోసం పళ్ళెం తీసింది. "చెయ్యి కడుక్కో. ఆయనొచ్చేలోపు నువ్వు తినేసి వెళ్ళు."